వంటకు రుచినిచ్చే సరుకులు ఇంట్లో ఏమేం ఉండాలి? హైదరాబాద్‌లో ఎక్కడ కొంటున్నారు?

నిజాంపేట నివాసి (శనివారం, ఉదయం 9:40)

అందరికీ నమస్తే. ఈమధ్యే నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లోకి మారాం. ఇద్దరమే. మా ఆవిడకి నైట్ షిఫ్ట్, అందుకని వంట నాది. సరుకులన్నీ యాప్‌లో తెప్పిస్తాను. కారం, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా, సాంబార్ పొడి, రసం పొడి, చికెన్ మసాలా, వేపుడు మసాలా... డ్రాయర్ నిండా అట్టపెట్టెలే. అయినా బెండకాయ వండినా, సొరకాయ వండినా ఒకటే వాసన. మా ఆవిడ అయితే కళ్లు మూసుకుని తింటే ఏ కూరో చెప్పలేనంటోంది.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిన అసలు సరుకులేంటి? ఇద్దరికి ఎంతెంత కొనాలి? బేగంబజార్ హోల్‌సేల్ మార్కెట్ దాకా వెళ్తే నిజంగా తేడా ఉంటుందా, లేక పెట్రోల్ దండగేనా?

అల్వాల్ అత్తమ్మ (ఉదయం 10:15)

బాబూ, ముందు ఆ అట్టపెట్టెల వెనక చిన్న అక్షరాలు చదువు. సాంబార్ పొడి కానీ, చికెన్ మసాలా కానీ, వేపుడు మసాలా కానీ, మొదట కనిపించేవి ధనియాలు, మిరపకాయలు, పసుపు, జీలకర్ర. పెట్టె మీద బొమ్మ మారింది తప్ప లోపలిది పెద్దగా మారలేదు. పొద్దున కూరలో ధనియాలు, రాత్రి కూరలో ధనియాలు, పప్పులో కూడా ధనియాలేనాయె. రుచి ఎట్లా మారుతుంది?

సొరకాయనే తీసుకో. జీలకర్ర, ఎండు మిరపకాయ పోపు వేసి పాలు పోసి దించితే ఒక రుచి. నువ్వులు వేయించి పొడి చేసి చల్లితే ఇంకో రుచి. చింతపండు, బెల్లం వేసి పులుసు పెడితే ఇంకోటి. శనగపప్పు నానబెట్టి వేసి పైన ఎల్లిపాయ దంచి వేస్తే అది వేరు. నాలుగింట్లో ఒక్కదాంట్లో కూడా మసాలా ప్యాకెట్ పడలేదు చూడు.

నా లెక్క ప్రకారం ఇంట్లో పులుపు కనీసం రెండు రకాలుండాలి. కారం పొడిగా, కాయగా, మిరియంగా మూడు రూపాల్లో ఉండాలి. కమ్మదనానికి నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి. పోపుల డబ్బా ఎట్లాగూ ఉంటుంది. ఎల్లిపాయ, ఇంగువ, కరివేపాకు. మసాలా దినుసులు చివర, అదీ తక్కువ.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ (ఉదయం 10:22)

అత్తమ్మా, ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాడు నువ్వులు వేయించి పొడి ఎప్పుడు చేస్తాడు? రెండు మంచి మసాలా ప్యాకెట్లు, ఒక ఆవకాయ సీసా చాలు. మా రూంలో నలుగురం అలాగే బతికేస్తున్నాం.

అల్వాల్ అత్తమ్మ (ఉదయం 10:30)

బతకడం వేరు నాయనా. అతను అడిగింది రుచి గురించి.

ఎర్రకారం ఖమ్మం (ఉదయం 11:05)

కారం గురించి నేను చెప్తాను, మా ఇంట్లో మిర్చి పంటే. అన్నా, ప్యాకెట్ కారం మీద "గుంటూరు కారం" అని ఉంటుంది కానీ ఏ రకమో రాయరు. వంటలో తేడా అంతా అక్కడే ఉంటుంది.

తేజ: సన్నగా, చిన్నగా ఉంటుంది, మంట బాగా ఎక్కువ. మా ఖమ్మం వైపు వేసేది ఎక్కువగా ఇదే. కొంచెం వేస్తే చాలు, కానీ రంగు అంతగా రాదు. గుంటూరు సన్నం, అంటే మార్కెట్‌లో 334 అనీ ఎస్4 అనీ పిలిచేది: కారం, రంగు రెండూ మధ్యస్తం, రోజువారీ కారానికి ఇదే సరి. చపాటా: వరంగల్ వైపు పండే లావుపాటి కాయ, టమాటా మిర్చి అని కూడా అంటారు. మంట చాలా తక్కువ, రంగు మాత్రం ఎర్రగా నిగనిగలాడుతుంది. 2025లో దీనికి జిఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బ్యాడిగి కర్ణాటకది, ముడతలు పడిన కాయ, దీనిదీ రంగే ప్రధానం.

ఇద్దరే కాబట్టి నా సలహా: సన్నం ముప్పావు కిలో, చపాటా పావుకిలో కలిపి కారం పట్టించుకోండి. కూర ఎర్రగా కనిపిస్తుంది, నోరు మండదు. తేజ కాయలు మాత్రం కాయలుగానే ఓ వంద గ్రాములు పోపుకి ఉంచుకోండి.

కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని ఊపితే గింజలు గలగలమనాలి. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. తెల్లమచ్చలు, పాలిపోయిన కాయలు తాలు. తాలు కలిపి పట్టిన కారం చౌకగానే వస్తుంది కానీ రుచి ఉండదు. ఇంకోటి, ఏసీ మిర్చి అంటే కోల్డ్ స్టోరేజీ సరుకు. చెడ్డదేం కాదు. కాకపోతే కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్‌కి వస్తుంది కదా, ఏడాది కారం కొనేవాళ్లు అప్పుడే కొంటారు.

తొడిమలు తీయాలి, ఒకరోజు గట్టి ఎండ తగలాలి. గిర్నీ నుంచి తెచ్చిన కారం వేడిగా ఉంటుంది. పేపర్ మీద పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది.

నిజాంపేట నివాసి (ఉదయం 11:20)

చాలా థాంక్స్ అన్నా. మిరపకాయల్లో ఇన్ని రకాలుంటాయని తెలుసు కానీ ఏది ఎందుకో ఎవరూ చెప్పలేదు. కిలో కారం ఇద్దరికి ఎక్కువ కాదా?

ఎర్రకారం ఖమ్మం (ఉదయం 11:31)

మీరెంత కారం తింటారో నాకేం తెలుసు అన్నా 😄 మామూలుగా అయితే నాలుగైదు నెలలు వస్తుంది. కొంచెం వాడకానికి తీసుకుని మిగతాది గాలి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, రంగు దిగదు. పొయ్యి పక్కన గాజుసీసాలో అందంగా పెట్టారా, వెలుతురుకీ వేడికీ రెండు నెలల్లో ఇటుక రంగులోకి వస్తుంది.

షాలిబండ (మధ్యాహ్నం 12:48)

హైదరాబాద్ అని అడిగి ఆవాలు, నువ్వుల దగ్గరే ఆగిపోయారేంటి భాయ్! మా వైపు అలమారా కూడా చూడండి.

మా ఇంట్లో రోజూ వాడేది షాజీరా. మామూలు జీలకర్ర కంటే సన్నగా, నల్లగా, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే వాసన వెంటనే తెలుస్తుంది. బగారా అన్నంలో జీలకర్ర వేస్తే జీరా రైస్ అయిపోతుంది, షాజీరా వేస్తేనే బగారా. హిమాలయాల వైపు నుంచి వస్తుంది కాబట్టి ధర ఎక్కువ, యాభై గ్రాములు చాలు.

తర్వాత కబాబ్ చీనీ. చూడ్డానికి మిరియంలాగే ఉండి చిన్న తోక ఉంటుంది, తోక మిరియాలని మీరంటారు. కబాబుల్లో, లుఖ్మీ (సమోసా లాంటిది) ఖీమాలో వేస్తాం. పత్తర్ కా ఫూల్, అదే రాతిపువ్వు: చెట్ల మీద, రాళ్ల మీద పెరిగే పాచిలాంటిది. పచ్చిగా వాసనే రాదు, వేడి నూనె తగలాలి. ఇసుక, బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి, ఏరుకుని దులిపి వాడాలి. కొంచెం ఎక్కువైతే కూర చేదెక్కుతుంది.

పొట్లీ కా మసాలా గురించి చాలామందికి తెలీదు. వట్టివేరు, చందనం చెక్క, ఎండు గులాబీ రేకులు, పాన్ కీ జడ్, ఇంకా కొన్ని కలిపి పలచని గుడ్డలో మూటకట్టి మాంసంతో చేసే నిహారీలో, మరగ్‌లో వేసి సన్న సెగ మీద మరిగించాలి. దించేముందు మూట పిండి తీసేయాలి. పొడి చేసి వేయకూడదు, కూర అత్తరు వాసన వస్తుంది. మీర్ ఆలం మండీ వైపు షాపుల్లో పేరు చెబితే కలిపి ఇస్తారు. ఎన్ని కిలోల మాంసానికో చెప్పండి, దానికి తగ్గట్టు కడతారు.

ఇక మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ చేయాలంటే కొత్తగా కొనేది ఏమీ లేదు. పైన అత్తమ్మ చెప్పిన పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, చింతపండు, ఇవే నాలుగు. విడివిడిగా వేయించాలి, కలిపి వేయిస్తే పల్లీ వేగేలోపు నువ్వు మాడుతుంది. మెత్తగా నూరి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి.

పద్మారావునగర్ పెద్దాయన (మధ్యాహ్నం 1:10)

చాలా బాగా చెప్పావు బాబూ. అయితే ఒక చిన్న మాట. కొత్తగా వంట నేర్చుకుంటున్న కుర్రాడు ఈ జాబితా పట్టుకుని బజారుకెళ్తే రాతిపువ్వు, జాపత్రి, మరాఠీ మొగ్గ, అనాస పువ్వు అన్నీ వంద గ్రాముల చొప్పున తెస్తాడు. ఏడాదికి పదిగ్రాములు కూడా వాడడు. మసాలా దినుసులు విడివిడిగా కొనడం కంటే, బిర్యానీ చేసే వారం వచ్చినప్పుడు ఆ వంటకి సరిపడా పొట్లం కట్టించుకోవడం మేలు. లవంగం, యాలక్కాయ, చెక్క, మిరియం, ఈ నాలుగే ఇంట్లో నిలవ ఉంచదగ్గవి.

షాలిబండ (మధ్యాహ్నం 1:18)

పెద్దాయన మాట కరెక్ట్. షాజీరా మాత్రం ఐదోది చేయండి సార్, ప్లీజ్.

పద్మారావునగర్ పెద్దాయన (మధ్యాహ్నం 1:25)

సరే, చేశాను.

ఇక నా వంతు ఇంగువ. మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి లేని వంటలే ఎక్కువ, అందుకని ఇంగువ విషయంలో రాజీ పడను. ఇది ఫెరూలా అనే మొక్క వేరు నుంచి కారే పాలు గట్టిపడితే వచ్చే జిగురు. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి దిగుమతి చేసుకుంటాం. మన దేశంలో పండించే ప్రయత్నం 2020 అక్టోబరులో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది, పాలంపూర్‌లోని సిఎస్‌ఐఆర్ పరిశోధన సంస్థ మొక్కలు నాటించింది. ఆ మొక్క చేతికి రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది.

మనం డబ్బాల్లో కొనేది శుద్ధ ఇంగువ కాదు. పిండి, తుమ్మ జిగురు కలిపి ఘాటు తగ్గించినది. కల్తీ అని కంగారు పడక్కర్లేదు, లేబుల్ మీద వాళ్లే రాస్తారు. కానీ ఆ పిండి చాలావాటిలో గోధుమదే. ఇంట్లో గోధుమ పడనివాళ్లుంటే బియ్యప్పిండి కలిపినది ఉందేమో చూసి కొనాలి. ముద్ద ఇంగువకి వాసన ఎక్కువ, చిటికెడంత ముక్క గోరువెచ్చని నీళ్లలో కరిగించి పులిహోరలో, చారులో వేసుకోవచ్చు. పొడి ఇంగువ నూనె కాగిన తర్వాత, స్టవ్ ఆపేశాక వేయాలి. మాడితే చేదు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ (మధ్యాహ్నం 1:40)

సార్, మా రూంలో ఇంగువ డబ్బా మూత వదిలేస్తే ఓనర్ వచ్చి గ్యాస్ లీకైందా అని అడిగాడు.

కాకినాడ టు కొండాపూర్ (మధ్యాహ్నం 2:35)

చింతపండు ఎవరూ ముట్టుకోలేదు, నేను రాస్తాను.

కొత్త చింతపండు మాఘ ఫాల్గుణాల్లో దిగుతుంది. తేనె రంగులో ఉంటుంది, పులుపుతో పాటు కొంచెం తీపి తగులుతుంది. పాతబడేకొద్దీ నల్లబడి పులుపు ముదురుతుంది. చారుకి, పులిహోరకి కొత్తది బావుంటుంది, చేపల పులుసుకి మా వైపు పాతదే వెతుక్కుంటారు. రెండూ తలా అరకిలో పెట్టుకోండి. పీచు, గింజ తీసినది కొంటే ధర ఎక్కువే కానీ గింజ బరువుకి డబ్బు పెట్టం కాబట్టి చివరికి లెక్క దాదాపు సమానం. ఏడాది నిలవ ఉంచాలంటే ఎండలో పెట్టి, పొరల మధ్య కల్లుప్పు చల్లి, జాడీలో అదిమి పెట్టాలి. అల్యూమినియం, ఇత్తడి వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది.

చింతపండు ఒక్కటే పులుపు కాదండీ. మామిడి ఒరుగులు, అంటే ఉప్పు వేసి ఎండబెట్టిన మామిడి ముక్కలు, పప్పులో నాలుగు వేసి ఉడికించి చూడండి. వానాకాలంలో మామిడికాయ పప్పు తిన్నట్టే ఉంటుంది. ఎండు గోంగూర కూడా అంతే.

అల్వాల్ అత్తమ్మ (మధ్యాహ్నం 2:50)

చింతకాయ తొక్కు మరిచిపోయినవమ్మా! సంక్రాంతి ముందు పచ్చి చింతకాయ దొరికినప్పుడు ఉప్పు, పసుపు వేసి దంచి, ఈనెలు తీసి జాడీకెత్తితే రెండేళ్లయినా చెడదు, ఇంకా నల్లగా రుచిగా అవుతుంది. కావలసినప్పుడల్లా ఇంత తీసుకుని, పచ్చిమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర వేసి నూరి పోపు పెట్టుకోవడమే. పప్పులో కూడా వేయొచ్చు, పచ్చి పులుసు పిసకొచ్చు. నా అలమారాలో ఒక్కటే ఉంచుకోమంటే ఆ జాడీ ఉంచుకుంటా.

కాకినాడ టు కొండాపూర్ (మధ్యాహ్నం 2:58)

మేమూ పెడతామండీ, చింతకాయ పచ్చడంటాం. మీరు మెంతులు వేయరా?

అల్వాల్ అత్తమ్మ (మధ్యాహ్నం 3:02)

దంచేటప్పుడు వేయను. పోపులో వేస్తా.

గోదారి గట్టు (మధ్యాహ్నం 3:05)

మెంతులు లేకుండా తొక్కు ఏంటండీ, అసలు తెలంగాణలో...

మోడరేటర్ (మధ్యాహ్నం 3:20)

ఎవరి పచ్చడి గొప్పదనే చర్చకి వేరే థ్రెడ్ ఉంది, దాన్ని ఇప్పటికే ఒకసారి మూసేశాం. ఇక్కడ సరుకుల గురించే రాయండి.

ల్యాబ్ కోటు (సాయంత్రం 4:45)

ఫుడ్ టెక్నాలజీ చదివాను, రెండు విషయాలు చెప్తాను.

మొదటిది నిలవ. దినుసుల వాసన వాటిలోని తైలాల వల్ల వస్తుంది. గింజ పగలనంతవరకు తైలం లోపలే ఉంటుంది. పొడి చేయగానే గాలి తగిలి ఎగిరిపోవడం మొదలవుతుంది. అందుకే ధనియాలు, జీలకర్ర, మిరియాలు గింజలుగా కొని, ధనియాల పొడి ఓ రెండు వారాలకి సరిపడా మిక్సీ వేసుకుంటే చాలు. అలా చేసి చూడండి, ప్యాకెట్ పొడి ఎందుకు రుచి ఇవ్వడం లేదో అర్థమవుతుంది. నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి, గసగసాల సమస్య వేరు. వీటిలో నూనె ఎక్కువ కాబట్టి గాలికి, వేడికి సిక్కు వాసన వస్తుంది. నువ్వుల పొడి, అవిసె గింజల పొడి తక్కువ చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి.

రెండోది కల్తీ. యూట్యూబ్‌లో చూపించే పరీక్షలన్నీ నమ్మకండి. ఇంట్లో పనికొచ్చేవి కొన్నున్నాయి. గ్లాసు నీళ్ల మీద కారం చల్లితే రంగు చారలు చారలుగా కిందికి దిగిందంటే కలిపిన రంగు. అడుగున గరగరలాడే మడ్డి ఉంటే ఇటుక పొడి కావచ్చు. జీలకర్ర అరచేతిలో నలిపితే చెయ్యి నల్లబడకూడదు. మిరియాలు నీళ్లలో వేస్తే మునగాలి, బొప్పాయి గింజలు తేలతాయి. కానీ గట్టిపడని తాలు మిరియం కూడా తేలుతుంది, తేలిందల్లా బొప్పాయి అనుకోకండి. కొరికి చూడండి, అయిపోయింది.

పసుపు మాత్రం కొమ్ములు కొని పట్టించుకోవడమే నిశ్చింత. మనకి నిజామాబాద్ పక్కనే ఉంది, జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో అక్కడే పెట్టారు. కొమ్ము విరిస్తే టక్కుమనాలి, లోపల ముదురు నారింజ రంగుండాలి. కొమ్ము పైన మరీ మెరిసే పసుపు పూసినట్టుంటే ఆ షాపు వదిలేయండి. మిక్సీలో వేయొద్దు, బ్లేడు పోతుంది. ముందు రోట్లో దంచుకోవాలి, లేదా గిర్నీకివ్వాలి.

నిజాంపేట నివాసి (సాయంత్రం 5:10)

గిర్నీలో ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు కదా, అందులోనే మన కారం వేస్తారా?

అల్వాల్ అత్తమ్మ (సాయంత్రం 5:16)

కారానికి, పిండికి వేరే మరలుంటాయి బాబూ. పసుపుకి కూడా వేరేది ఉన్న గిర్నీ చూసుకో. లేకపోతే కారం మరలో మొదటి గుప్పెడు పసుపు పట్టించి ఆ మొదటిది పక్కన పెట్టు, అది పులుసుకి వాడుకో.

మూడో అంతస్తు (సాయంత్రం 6:30)

మా సమస్య పురుగు. బాల్కనీలోకి ఎండ రాదు. కందిపప్పు, రవ్వ, శనగపిండి అన్నిట్లో పురుగే. బియ్యంలో వేసే బిళ్లలు కిరాణా షాపులో ఇస్తామన్నారు, వేయొచ్చా?

ల్యాబ్ కోటు (సాయంత్రం 6:41)

వద్దండీ, దయచేసి వద్దు. గోదాముల్లో వాడే బిళ్లలు చాలావరకు అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణాలు పోతాయి. ఇంట్లో వాడేవి కావవి. బోరిక్ పౌడర్ కలపడం పాత అలవాటు, అదీ వద్దు.

తెచ్చిన రవ్వ, పిండి, పప్పు ప్యాకెట్‌తో సహా నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. తర్వాత బిగుతు మూత డబ్బాలోకి.

అల్వాల్ అత్తమ్మ (సాయంత్రం 6:55)

కందిపప్పుకి ఆముదం రాస్తాం మేము. కిలోకి ఒక చెంచా, చేత్తో పట్టించి ఆరబెట్టాలి. వండేముందు కడిగితే పోతుంది. కందిపప్పు కొంటే తాండూరుది అడుగు. 2022లో జిఐ వచ్చింది దానికి. త్వరగా ఉడుకుతుంది, పప్పు వాసన ఇల్లంతా వస్తుంది.

మత్స్యగంధి (రాత్రి 8:05)

శాకాహారులు క్షమించాలి. రొయ్యపొట్టు లేని అలమారా నాకు ఖాళీగానే కనిపిస్తుంది. పొడి మూకుడులో వేయించి, దులిపి, వంకాయలోనో, సొరకాయలోనో, దోసకాయలోనో గుప్పెడు వేస్తే వేరే మసాలా అవసరం లేదు. రెండు సంచుల్లో మూటకట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. పక్క ఫ్లాట్ వాళ్లతో మంచిగా ఉండాలంటే వేయించేటప్పుడు కిటికీ మూయండి.

పద్మారావునగర్ పెద్దాయన (రాత్రి 8:20)

క్షమించాను. కిటికీ సంగతి మాత్రం గట్టిగా పాటించండి.

మలక్‌పేట గల్లీ (రాత్రి 9:30)

బజారు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తమ్ముడూ, కారుతో బేగంబజార్ వెళ్లకు, పార్కింగ్ దొరకదు, సందుల్లో ట్రాలీ ఆటోలు అడ్డం. నీకు జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్ దగ్గర. ఎర్ర లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగు, అక్కణ్ణుంచి ఆటో. వీపుకి బ్యాగు తగిలించుకుని వెళ్లు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఆదివారం కాకుండా శనివారం పొద్దున పెట్టుకో. హోల్‌సేల్ షాపులే అయినా చాలామంది పావుకిలో, అరకిలో ఇస్తారు. కొందరు ఇవ్వరు, విసుక్కుంటారు, పట్టించుకోకు. మొదటి షాపులో కొనకు. మూడు షాపుల్లో ధనియాలు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూడు. అడక్కుండానే గింజ చేతిలో పోసేవాడి దగ్గర సరుకు బాగుంటుంది. డ్రైఫ్రూట్స్, యాలకులు, మిరియాలు, షాజీరా లాంటి ఖరీదైనవాటిలో తేడా బాగా మిగులుతుంది. ఆవాలు, మినప్పప్పు కోసం అంత దూరం వెళ్లడం దండగ, మీ వీధి చివర కొట్లో తీసుకో.

ఎండు మిర్చి బాగా కావాలంటే మా మలక్‌పేట గంజ్. సికింద్రాబాద్ వైపు వాళ్లకి మోండా మార్కెట్ ఉంది. చింతపండు, పల్లీలు కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతుబజార్లలో కూడా బాగానే దొరుకుతాయి.

కాకినాడ టు కొండాపూర్ (రాత్రి 9:52)

నూనె కూడా చేర్చండి. వంట అంతా ఒకే రిఫైన్డ్ నూనెతో చేస్తే పైన చెప్పిన సరుకుల్లో సగం వృథా. పులిహోరకి, పొడి అన్నంలోకి, ఊరగాయకి నువ్వుల నూనె, వేపుళ్లకి పల్లీ నూనె. గానుగ నూనెలు ఒక్కో లీటరే కొనండి, ఎక్కువకాలం ఉంటే వాసన మారిపోతుంది. "గానుగ" అని బోర్డు పెట్టినంత మాత్రాన నమ్మకండి, మన కళ్లముందు ఆడించే చోట తీసుకోండి.

హాస్టల్ తమ్ముడికి: కందిపొడి చేసుకోవడానికి అరగంట చాలు. కప్పు కందిపప్పు, పావుకప్పు శనగపప్పు, పావుకప్పు పెసరపప్పు విడివిడిగా సన్న సెగ మీద ఎర్రగా వేయించు. ఎనిమిది ఎండు మిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు. చల్లారాక మిక్సీ. మరీ మెత్తగా వద్దు, కొంచెం రవ్వగా ఉండాలి. నెలరోజులు ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి వచ్చి వేడన్నంలో పొడి, నువ్వుల నూనె, పక్కన చల్ల మిరపకాయలు. మసాలా ప్యాకెట్ చింపినంత సేపే.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ (రాత్రి 10:03)

అక్కా, వెల్లుల్లి వేయొచ్చా ఇందులో?

కాకినాడ టు కొండాపూర్ (రాత్రి 10:06)

వేయొచ్చు. నాలుగు రెబ్బలు పొట్టుతోనే, చివర్లో. అప్పుడు తడి వల్ల పదిహేను రోజుల్లో తినేయాలి.

నిజాంపేట నివాసి (తర్వాతి శనివారం, సాయంత్రం 6:15)

వెళ్లొచ్చాను. మెట్రో సలహా ఇచ్చిన అన్నకి దండం. తెచ్చినవి: సన్నం, చపాటా మిర్చి (గిర్నీకిచ్చాను), తేజ వంద గ్రాములు, ధనియాలు అరకిలో, జీలకర్ర పావుకిలో, మిరియాలు వంద, షాజీరా యాభై, లవంగం, యాలక్కాయ, చెక్క ఇరవై ఐదేసి గ్రాములు, ముద్ద ఇంగువ, కొత్త చింతపండు అరకిలో, నువ్వులు, పల్లీలు, నాలుగు ఎండు కొబ్బరి చిప్పలు. మామిడి ఒరుగులు బేగంబజార్‌లో దొరకలేదు, కూకట్‌పల్లి రైతుబజార్‌లో ఒకామె దగ్గర తీసుకున్నాను. పొట్లీ మసాలా కొనలేదు, షాలిబండ భాయ్ ఏమనుకోవద్దు.

ఇవాళ సొరకాయ, నువ్వుల పొడి కూర చేశాను. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది, ధనియాల పొడి ఎందుకు వేయలేదని మాత్రం అడిగింది!

ఒక డౌట్. కొబ్బరి చిప్పలు తురిమి పెట్టాలా, అలాగే ఉంచాలా?

షాలిబండ (సాయంత్రం 6:40)

ఏమనుకోను భాయ్, బక్రీద్‌కి ముందు గుర్తు చేస్తాను.

ల్యాబ్ కోటు (సాయంత్రం 6:52)

చిప్పలుగానే ఉంచండి. తురిమితే గాలి తగిలే భాగం పెరిగి తొందరగా సిక్కు వాసన వస్తుంది. ముందు గుడ్డతో తుడిచి, సంచిలో గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెట్టండి.

అల్వాల్ అత్తమ్మ (రాత్రి 7:30)

ధనియాలు అరకిలో ఎక్కువ తెచ్చినవు బాబూ. సగం మీ పక్కింటివాళ్లకియ్యి.